వంశపారంపర్య సంయోజక కణజాల వ్యాధులలో బృహద్ధమనికి ఔషధ చికిత్స

సంయోజక కణజాలాన్ని బలహీనపరిచే కొన్ని జన్యు వ్యాధుల్లో, గుండె నుంచి బయలుదేరే ప్రధాన రక్తనాళమైన బృహద్ధమని ఏళ్ళ తరబడి మెల్లగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ఎన్యూరిజం అంటారు. ఉబ్బిన చోట లోపలి పొర చిరిగి, రక్తం గోడ పొరల మధ్యకు దూరి వాటిని విడదీసుకుంటూ పోతే దాన్ని డిసెక్షన్ అంటారు. వెలుపలి పొర కూడా పగిలితే ప్రాణం నిలిచే అవకాశం చాలా తక్కువ. ఈ పరిణామాన్ని వెనక్కు నెట్టడానికి రోగులు ఏళ్ళ తరబడి వాడే మందులను, వాటి చరిత్రను, పనితీరును, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులో ప్రధానంగా వచ్చే వ్యాధులు మూడు: మార్ఫన్ సిండ్రోమ్, లోయిస్–డీట్జ్ సిండ్రోమ్, రక్తనాళ రకపు ఎలర్స్–డాన్లోస్ సిండ్రోమ్.

ఈ మందులేవీ లోపించిన ప్రోటీన్‌ను తిరిగి తెచ్చివ్వవు. అవి ఉబ్బు పెరిగే వేగాన్ని తగ్గించి, శస్త్రచికిత్స అవసరమయ్యే వయసును మరింత దూరం జరుపుతాయి, ఈలోగా డిసెక్షన్ జరిగే ముప్పును తగ్గించాలని చూస్తాయి. దాదాపు అన్నీ బి.పి. మాత్రలుగా మనకు తెలిసినవే. అందువల్ల బి.పి. మామూలుగా ఉన్న పిల్లవాడికి బి.పి. మాత్ర ఎందుకన్న ప్రశ్న ప్రతి కుటుంబంలోనూ వస్తుంది. దానికి జవాబు బృహద్ధమని గోడ నిర్మాణంలో ఉంది.

గోడ నిర్మాణం, బలహీనత

బృహద్ధమని గోడకు మూడు పొరలు. నడిమి పొరలో సాగే గుణమున్న ఎలాస్టిన్ రేకులు, నునుపు కండర కణాలు, కొల్లాజెన్ దొంతరలుగా ఉంటాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ గోడ సాగి, మళ్ళీ ముడుచుకుంటుంది. నిమిషానికి 70 సార్లు అనుకుంటే రోజుకు లక్షసార్లకు పైనే. ఎలాస్టిన్‌ను శరీరం గర్భస్థ దశలోను బాల్యంలోను తయారు చేసుకుంటుంది. పెద్దయ్యాక కొత్తది చేరడం దాదాపు ఉండదు. బాల్యంలో చేరిన సరుకుతోనే జీవితమంతా నెట్టుకురావాలి.

ఎలాస్టిన్ పేరుకోవడానికి పందిరిలా పనిచేసే సూక్ష్మతంతువులు ఫిబ్రిలిన్-1 అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. కణాలకు పెరుగుదల సంకేతాలిచ్చే టీజీఎఫ్-బీటా అనే అణువును నిద్రాణంగా పట్టి ఉంచడం కూడా ఈ తంతువుల పనే. ఫిబ్రిలిన్ లోపిస్తే గోడ బలహీనపడుతుంది, సంకేతాల పద్ధతీ తప్పుతుంది. వీటిలో ఏది ముందు, ఏది వెనుక అన్న వాదం రెండు దశాబ్దాలుగా నడుస్తోంది. మందుల ఎంపిక మీద కూడా దాని ప్రభావం పడింది (చూ. లోసార్టాన్).

ఒకే రక్తపోటు దగ్గర గొట్టం వెడల్పు పెరిగేకొద్దీ గోడ మీద పడే లాగుడు పెరుగుతుంది, గోడ పలచబడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. లాప్లాస్ సూత్రం చెప్పేది ఇదే. అంటే ఉబ్బు తనను తాను పెంచుకుంటుంది. మామూలు గోడకు హాని చేయని 120 పోటు ఈ గోడకు బరువే. పోటు ఎంత అన్నదే కాక, ప్రతి స్పందనలోనూ అది ఎంత వేగంగా పైకి లేస్తుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నెమ్మదిగా తోస్తే తట్టుకునే తలుపు విసురుగా గుద్దితే ఊడొచ్చినట్టు, ఉన్నట్టుండి ఎగదన్నే రక్తప్రవాహం పలచటి గోడను చీలుస్తుంది.

ప్రధాన వ్యాధులు

*మార్ఫన్ సిండ్రోమ్.* పారిస్ పిల్లల వైద్యుడు ఆంత్వాన్ మార్ఫన్ 1896లో ఐదేళ్ళ పాపలో సన్నగా, అసాధారణంగా పొడుగ్గా ఉన్న కాళ్ళూ చేతులూ చూసి వర్ణించాడు. పొడగరితనం, సాలీడు కాళ్ళలాంటి వేళ్ళు, కంటి కటకం పక్కకు జరగడం, ఛాతీ ఎముక లోపలికి గుంట పడడం లేదా ముందుకు పొడుచుకురావడం, వెన్ను వంకర దీని లక్షణాలు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి పిడికిలి బిగిస్తే వేలి కొన చిటికెన వేలి అంచు దాటి బయటికి కనబడుతుంది. ఒక చేతి బొటనవేలు, చిటికెన వేలితో రెండో చేతి మణికట్టును చుట్టితే గోళ్ళు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. మంచం పక్కన అర నిమిషంలో చేయగల ఈ రెండు పరీక్షలు అనుమానానికి దారి చూపుతాయి, నిర్ధారణకు చాలవు. బృహద్ధమని జబ్బుకు దీనితో సంబంధం ఉందని 1943లో గాని స్పష్టం కాలేదు. ఫిబ్రిలిన్‌ను 1986లో గుర్తించారు. 1991లో 15వ క్రోమోజోము మీది ఎఫ్‌బీఎన్1 జన్యువులో ఉత్పరివర్తన దొరికింది. సుమారు 5,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా.

*లోయిస్–డీట్జ్ సిండ్రోమ్.* 2005లో గుర్తించారు. టీజీఎఫ్-బీటా గ్రాహకాల జన్యువులు రెండింటిలో మొదట లోపం కనబడింది. తరువాత స్మాడ్3, టీజీఎఫ్‌బీ2 వంటి మరికొన్ని జన్యువులు ఆ పట్టికలో చేరాయి. కళ్ళ మధ్య ఎడం ఎక్కువగా ఉండడం, కొండనాలుక రెండుగా చీలి ఉండడం, ధమనులు మెలికలు తిరగడం దీని గుర్తులు. మార్ఫన్‌తో పోలిస్తే చిన్న వ్యాసం దగ్గరే, చిన్న వయసులోనే డిసెక్షన్ జరగవచ్చు. బృహద్ధమనికే పరిమితం కాకుండా తల, మెడ, పొట్ట ధమనులకూ ఉబ్బు వస్తుంది.

*రక్తనాళ రకపు ఎలర్స్–డాన్లోస్.* మూడో రకం కొల్లాజెన్‌కు సంబంధించిన జన్యులోపం. ఇక్కడ ముందుగా ఉబ్బకుండానే మధ్యరకం ధమనులు చిరగవచ్చు. పెద్దపేగు, గర్భాశయం కూడా పగలవచ్చు. చర్మం పలచగా ఉండి కింది సిరలు కనబడతాయి, కొద్ది తాకిడికే కమిలిపోతుంది.

ఈ మూడూ బహిర్గత లక్షణంగా సంక్రమిస్తాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. తెలుగు కుటుంబాల్లో ఏ వంశపారంపర్య జబ్బు కనబడినా ముందు మేనరికం మీద నెపం వేయడం అలవాటు. ఈ మూడింటికీ దానితో నిమిత్తం లేదు. మార్ఫన్ రోగుల్లో సుమారు నాలుగోవంతు మందికి తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యవంతులే, ఉత్పరివర్తన ఆ రోగుల్లోనే కొత్తగా పుట్టింది. దగ్గరి సంబంధాలతో పెరిగేవి అంతర్గత లక్షణంగా వచ్చే అరుదైన ధమని వ్యాధులు. ఫిబ్యులిన్-4 జన్యువులో ఒకే ఉత్పరివర్తన ఉన్న 22 మంది శిశువులను కేరళ వైద్యులు 2012లో వర్ణించారు. అది ఈ రెండో కోవకు చెందినది.

తొలి చరిత్ర: సీమకోళ్ళు, సర్పగంధి

ఈ చికిత్స కథ కోళ్ళఫారాల్లో మొదలవుతుంది. అమెరికాలో త్వరగా బరువెక్కే మగ టర్కీ కోళ్ళు (సీమకోళ్ళు) ఉన్నట్టుండి కూలిపోయి చచ్చేవి. కోసి చూస్తే బృహద్ధమని పగిలి ఉండేది. దాణాలో రిసెర్పిన్ కలిపితే ఆ చావులు తగ్గాయి. రిసెర్పిన్ మన సర్పగంధి వేరు నుంచి 1952లో వేరుచేసిన మందు. ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రకటించాకే ప్రపంచం దానివైపు చూసింది.

ప్రయోగశాలలో ఈ జబ్బును కావాలని పుట్టించడానికి బీటా-అమైనోప్రొపియోనైట్రైల్ అనే విషాన్ని వాడేవారు. అలంకారానికి పెంచే తీగబఠాణీ పూల మొక్క గింజల్లో అది ఉంటుంది. కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగుల మధ్య ముడులు పడనివ్వదు. దానివల్ల వచ్చే జబ్బును లాథిరిజమ్ అంటారు. కేసరి పప్పు తిన్నవారికి కాళ్ళు పడిపోయే జబ్బును కూడా లాథిరిజమ్ అనే పిలుస్తారు గాని, కేసరి పప్పులోని విషం వేరు, అది దెబ్బతీసేది నాడులను. విషం తినిపించిన టర్కీ కోళ్ళకు ప్రొప్రనొలాల్ ఇస్తే బృహద్ధమని పగలడం తగ్గుతుందని 1960లలో కనిపెట్టారు.

అదే కాలంలో ఫ్లోరిడాలో మైరన్ వీట్, ఆయన సహచరులు మనుషుల్లో డిసెక్షన్‌కు శస్త్రచికిత్స లేకుండా మందులతో చేసిన వైద్యాన్ని 1965లో ప్రచురించారు. వాళ్ళు వాడిన మందుల్లో రిసెర్పిన్ కూడా ఉంది. పోటును దించడం ఒక్కటే చాలదని, గుండె రక్తాన్ని తోసే విసురును కూడా తగ్గించాలని వాళ్ళు వాదించారు. నేటి చికిత్స అంతా నిలిచింది ఆ ఆలోచన మీదే.

అప్పటి మార్ఫన్ రోగుల పరిస్థితి 1972లో వెలువడిన ఒక అధ్యయనంలో కనిపిస్తుంది. అందులో మరణించినవారి సగటు వయసు 32. అధిక భాగం మరణాలకు కారణం గుండె, బృహద్ధమని.

బీటా బ్లాకర్లు

ప్రొప్రనొలాల్‌ను జేమ్స్ బ్లాక్ బృందం 1960ల తొలినాళ్ళలో గుండెనొప్పి కోసం తయారు చేసింది. బీటా బ్లాకర్లు అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటాయి. గుండె నెమ్మదిస్తుంది, సంకోచంలో విసురు తగ్గుతుంది, పోటు దిగుతుంది. నాడి 75 నుంచి 60కి దిగితే గోడ మీద రోజుకు 21,600 దెబ్బలు తగ్గుతాయి.

మార్ఫన్‌లో దీనికి తొలి గట్టి ఆధారం 1994లో వచ్చింది. 70 మంది రోగులను చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, 32 మందికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు, 38 మందికి ఇవ్వలేదు. సగటు మోతాదు రోజుకు 212 మి.గ్రా., నాలుగు విడతలుగా. సుమారు పదేళ్ళు గమనించారు. గుండెను ఆనుకుని ఉండే బృహద్ధమని మొదటి భాగం, అంటే మూలం, పెరిగిన వేగం మందు వాడినవారిలో స్పష్టంగా తక్కువ. ఇచ్చేదెవరికో, ఇవ్వనిదెవరికో అందరికీ తెలిసిన అధ్యయనం కావడం, రోగుల సంఖ్య తక్కువ కావడం దీని లోపాలు. అయినా ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు వైద్యులు దీన్నే ఆధారంగా చేసుకున్నారు. ఒకసారి మందు ప్రామాణికమయ్యాక, ఇవ్వకుండా ఉంచి పరీక్షించడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే బీటా బ్లాకర్లను మందు లేని వట్టి మాత్రతో పోల్చిన పెద్ద పరీక్ష లేదు.

నేడు రోజుకు ఒకటి రెండు సార్లు వేసుకునే అటెనొలాల్, మెటొప్రొలాల్, బైసొప్రొలాల్ వంటివి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మోతాదును అంకెను బట్టి కాక మనిషిని బట్టి పెంచుతారు. విశ్రాంతిలోనే కాక శ్రమలో కూడా నాడి ఎంతకు లేస్తున్నదో చూస్తారు. అలసట, చేతులు చల్లబడడం, పీడకలలు, పిల్లల్లో చదువు మీద ధ్యాస తగ్గడం వంటి ఫిర్యాదులు వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడక ఇబ్బంది రావచ్చు. మందు ఒక్కసారిగా ఆపితే గుండె ఎదురుతన్ని వేగమవుతుంది కనుక మెల్లగా తగ్గించాలి. ఊరెళ్ళి సీసా మరిచిపోవడం ఈ జబ్బులో చిన్న పొరపాటు కాదు.

లోసార్టాన్

2003 నుంచి 2006 దాకా అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో హాల్ డీట్జ్ బృందం చేసిన ఎలుకల ప్రయోగాలు ఈ రంగాన్ని ఊపేశాయి. ఫిబ్రిలిన్ లోపమున్న ఎలుకల్లో టీజీఎఫ్-బీటా సంకేతాలు మితిమీరి ఉన్నాయి. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోను గ్రాహకాలను మూసే లోసార్టాన్ ఇస్తే ఆ సంకేతాలు తగ్గాయి, బృహద్ధమని ఉబ్బు నిలిచిపోయింది, గోడ నిర్మాణం సైతం దాదాపు మామూలుగా కనబడింది. ప్రొప్రనొలాల్ అంత పని చేయలేదు. 1995 నుంచి అమ్మకంలో ఉన్న, ఇబ్బందులు తక్కువైన ఒక బి.పి. మాత్ర జన్యువ్యాధి మూలాన్నే పట్టుకుంటుందన్న ఆశ పుట్టింది.

2008లో, ఇతర మందులకు లొంగని తీవ్రమైన మార్ఫన్ ఉన్న 18 మంది పిల్లల వివరాలు వెలువడ్డాయి. యాంజియోటెన్సిన్ గ్రాహక నిరోధకం మొదలుపెట్టక ముందు వారి బృహద్ధమని మూలం ఏడాదికి సగటున 3.54 మి.మీ. పెరుగుతుండేది. తరువాత అది 0.46 మి.మీ.కు పడిపోయింది. పోలికకు సమాంతర వర్గం లేని చిన్న పరిశీలన అది. కానీ ఆ రెండు అంకెలు చూసిన ఏ తల్లిదండ్రులైనా ఆగలేరు.

మానవ పరీక్షల ఫలితాలు

అమెరికా, కెనడా, బెల్జియం ఆసుపత్రుల్లో 6 నెలల పసివారి నుంచి 25 ఏళ్ళ వారి వరకు 608 మందిని చేర్చి అటెనొలాల్, లోసార్టాన్‌లను మూడేళ్ళు పోల్చారు. 2014లో ఫలితం వచ్చింది: రెండింటికీ తేడా లేదు. రెండు వర్గాల్లోనూ శరీర పరిమాణంతో పోల్చి చూసిన మూలం వెడల్పు కొద్దిగా తగ్గుముఖం పట్టింది. కొత్త మందు పాతదాన్ని ఓడిస్తుందని ఎదురుచూసినవారు నిరుత్సాహపడ్డారు. పాత మందును మామూలుగా వాడేదానికంటే పెద్ద మోతాదులో, రోజుకు 250 మి.గ్రా. దాకా ఇచ్చారన్న సంగతి చాలామంది పట్టించుకోలేదు. లోసార్టాన్ గరిష్ఠ మోతాదు మాత్రం 100 మి.గ్రా.

నెదర్లాండ్స్‌లో 2013లో వెలువడిన పరీక్ష వేరే ప్రశ్న వేసింది. 233 మంది పెద్దవాళ్ళలో ఉన్న మందులకు తోడు లోసార్టాన్ కలిపితే ఏమవుతుంది? మూడేళ్ళలో మూలం పెరుగుదల కలిపినవారిలో 0.77 మి.మీ., కలపనివారిలో 1.35 మి.మీ. వారినే సుమారు ఎనిమిదేళ్ళు గమనిస్తే రోగుల అసలు కష్టాలు కూడా లోసార్టాన్ వర్గంలో తక్కువగా కనబడ్డాయి. ఫ్రాన్స్‌లో 303 మందితో 2015లో వెలువడిన అటువంటి పరీక్షే పోటు తగ్గింది గాని ఉబ్బు తగ్గలేదని చెప్పింది. స్పెయిన్‌లో 140 మందిలో లోసార్టాన్, అటెనొలాల్ సమానంగా నిలిచాయి.

బ్రిటన్ పరిశోధకులు లోసార్టాన్‌ను వదిలి ఇర్బెసార్టాన్‌ను ఎంచుకున్నారు. నోటి ద్వారా తీసుకున్నప్పుడు ఇది రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. 6 నుంచి 40 ఏళ్ళ మధ్య 192 మందిలో, అధికులు అప్పటికే బీటా బ్లాకర్ వాడుతుండగా, దీన్ని వట్టి మాత్రతో పోల్చారు. మూలం ఏడాదికి 0.53 మి.మీ. పెరిగింది, వట్టి మాత్ర వర్గంలో 0.74 మి.మీ.

చిక్కు విడిపోయింది 2022లో. ఏడు పరీక్షల్లోని 1,442 మంది రోగుల విడివిడి వివరాలను ఒకచోట చేర్చి తిరిగి లెక్కకట్టారు. మందు లేని వర్గంతో పోలిస్తే యాంజియోటెన్సిన్ నిరోధకాలు మూలం పెరిగే వేగాన్ని సుమారు సగానికి తగ్గించాయి. బీటా బ్లాకర్ వాడుతున్నా ఆ మేలు నిలిచింది. ఎఫ్‌బీఎన్1 ఉత్పరివర్తన రుజువైనవారిలో ఇంకా ఎక్కువగా కనబడింది. నేరుగా పోల్చినచోట రెండు రకాల మందుల ప్రభావమూ దాదాపు ఒకటే. అంతకుముందు పరీక్షలు ఒకదానినొకటి కొట్టేసినట్టు కనబడడానికి ముఖ్య కారణం ఒక్కొక్కదానిలో రోగులు చాలకపోవడం.

అమెరికా హృద్రోగ సంఘాల 2022 మార్గదర్శకాలు మార్ఫన్ రోగులందరికీ బీటా బ్లాకర్ గాని యాంజియోటెన్సిన్ నిరోధకం గాని, తట్టుకోగల గరిష్ఠ మోతాదులో ఇవ్వాలంటాయి. రెండూ కలిపి ఇవ్వడం సబబేనంటాయి. ఎలుకల్లో కనబడినంత అద్భుతం మనుషుల్లో ఎందుకు జరగలేదన్న దానికి పలు వివరణలున్నాయి. ఎలుకకు మందు మొదలైన దశ మనిషి విషయంలో పుట్టుకకు ముందటి కాలంతో సమానం కావచ్చు. వ్యాధి తొలిదశలో టీజీఎఫ్-బీటాను పూర్తిగా అడ్డుకుంటే ఉబ్బు ఎక్కువైందని తరువాతి ఎలుకల ప్రయోగాలే చూపాయి. అంటే ఆ అణువు మొదట్లో కాపాడుతుంది, ఆ తరువాత పాడుచేస్తుంది.

కొలత సమస్య

పై పరీక్షలు ప్రధానంగా మరణాలను కాక మిల్లీమీటర్లను లెక్కించాయి. ఎకో పరీక్షలో బృహద్ధమని మూలాన్ని, కవాటం రేకుల పైనుండే ఉబ్బెత్తు సంచుల దగ్గర, తెర మీద రెండు చుక్కలు పెట్టి కొలుస్తారు. ఒక అంచును లోపలివైపు పట్టినా, బయటివైపు పట్టినా ఒకటి రెండు మి.మీ. తేడా వస్తుంది. ఏడాదికి అర మి.మీ. పెరిగేదాన్ని ఆ చుక్కలతో పట్టాలి. అందుకే ఒకే కేంద్రంలో, ఒకే పద్ధతిలో, పాత చిత్రాన్ని పక్కన పెట్టుకుని కొలవడం అవసరం. నిరుడు ఒక ఊళ్ళో 38, ఈ ఏడు వేరే ఊళ్ళో 40 వస్తే మందు పనిచేయలేదని తేల్చలేము.

ఎదిగే పిల్లల్లో బృహద్ధమని మామూలుగానే పెరుగుతుంది కాబట్టి, శరీర పరిమాణానికి తగ్గ సగటు నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే జెడ్ స్కోరును వాడతారు. అది 2 దాటితే ఉబ్బు ఉన్నట్టు. మొదటి ఎకో తరువాత ఆరు నెలలకు ఇంకొకటి, స్థిరంగా ఉంటే ఏడాదికొకటి సాధారణ పద్ధతి.

ఎలర్స్–డాన్లోస్‌లో సెలిప్రొలాల్

సెలిప్రొలాల్ కూడా బీటా బ్లాకరే, కానీ రెండు ముఖాలది. గుండెలోని బీటా-1 గ్రాహకాలను మూస్తుంది, రక్తనాళాల్లోని బీటా-2 గ్రాహకాలను కొద్దిగా ప్రేరేపిస్తుంది. ఫ్రాన్స్, బెల్జియంలలో 53 మంది రోగుల్లో 25 మందికి దీన్ని రోజుకు 400 మి.గ్రా. వరకు ఇచ్చారు. 2010లో వెలువడిన ఫలితం ప్రకారం ధమనులు చిరగడం లేదా పగలడం మందు వర్గంలో ఐదుగురికి, మిగిలిన 28 మందిలో 14 మందికి జరిగింది. తేడా స్పష్టంగా ఉండడంతో పరీక్షను ముందే ఆపేశారు. చేరినవారిలో జన్యులోపం రుజువైనవారు 33 మందే కావడం దీనికున్న పెద్ద లోపం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో మరింత ఆధారం కావాలని అనుమతి నిరాకరించింది. ఐరోపా వైద్యులు మాత్రం దీన్నే తొలి ఎంపికగా వాడుతున్నారు. ఈ వ్యాధిలో ప్రతి ధమనీ ప్రమాదస్థలమే, కోతపెట్టి బాగుచేయడం కూడా కష్టం. అందువల్ల మిగతా రెండు వ్యాధుల కంటే ఇక్కడ మందు మీద ఆధారపడక తప్పదు.

లోయిస్–డీట్జ్‌లో

యాదృచ్ఛిక పరీక్షలు లేవు. మార్ఫన్ అనుభవాన్ని అరువు తెచ్చుకుని బీటా బ్లాకర్, యాంజియోటెన్సిన్ నిరోధకం, లేదా రెండూ ఇస్తారు.

పరీక్షించినవి, వద్దన్నవి

యాంజియోటెన్సిన్ తయారీనే అడ్డుకునే పెరిండొప్రిల్, ఎనలాప్రిల్ వంటి ఏసీఈ నిరోధకాల మీద చిన్న అధ్యయనాలు కొంత ఆశ చూపాయి, పెద్ద పరీక్షలు జరగలేదు. డాక్సీసైక్లిన్ ఎలుకల్లో ఎలాస్టిన్‌ను తినే ఎంజైములను అణచింది. మార్ఫన్ రోగులకు దాన్ని సిఫారసు చేసే ఆధారం లేదు.

ఆమ్లోడిపిన్ వంటి కాల్షియం చానెల్ నిరోధకాలు మార్ఫన్ ఎలుకల్లో ఉబ్బును ఎక్కువ చేశాయని 2015లో తేలింది. బీటా బ్లాకర్ పడని రోగికి ఒకప్పుడు వీటిని ఇచ్చేవారు, ఇప్పుడు వెనకాడుతున్నారు. మన దగ్గర బి.పి. అనగానే మొదట రాసే మాత్రల్లో ఆమ్లోడిపిన్ ఒకటి. అందుకని మార్ఫన్ ఉన్న సంగతి స్థానిక వైద్యుడికి ముందే చెప్పాలి.

ఇంతకంటే దగ్గరి ప్రమాదం సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ కుటుంబపు యాంటీబయాటిక్‌లది. ఇవి కొల్లాజెన్‌ను దెబ్బతీస్తాయని అనుమానం. మార్ఫన్, ఎలర్స్–డాన్లోస్ ఉన్నవారికి, బృహద్ధమని ఉబ్బినవారికి వేరే దారి ఉంటే వీటిని ఇవ్వవద్దని అమెరికా నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. విరేచనాలకో, మూత్రంలో మంటకో మందుల షాపులో చీటీ లేకుండా కొని వేసుకునేవి మన ఊళ్ళలో తరచుగా ఇవే. ముక్కుదిబ్బడకు వాడే, పోటును పెంచే మాత్రల విషయంలోనూ జాగ్రత్త అవసరం.

గర్భధారణలో

గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లోను, కాన్పు తరువాతి వారాల్లోను డిసెక్షన్ ముప్పు పెరుగుతుంది. యాంజియోటెన్సిన్ నిరోధకాలు, ఏసీఈ నిరోధకాలు పిండం మూత్రపిండాలను పాడుచేస్తాయి. గర్భం కోసం ప్రయత్నించేటప్పుడే వాటిని మాన్పించాలి. బీటా బ్లాకర్‌ను కొనసాగిస్తారు. అటెనొలాల్ శిశువు ఎదుగుదలను తగ్గించవచ్చు కనుక లాబెటలాల్ లేదా మెటొప్రొలాల్‌కు మారుస్తారు. పెళ్ళినాటికి జబ్బు సంగతి అత్తింటివారికి చెప్పకుండా దాచిన అమ్మాయి, గర్భం వచ్చాక మందుల సీసాలనూ దాచుకోవలసి వస్తుంది. మందు మార్పు ఆలస్యమవడానికి ఇది కూడా ఒక కారణం.

అత్యవసర స్థితిలో

ఛాతీలో లేదా వీపులో ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పి డిసెక్షన్ గుర్తు. ఆసుపత్రిలో నొప్పి తగ్గించి, ఎస్మొలాల్ లేదా లాబెటలాల్ నరం ద్వారా ఎక్కించి నాడిని 60కి దరిదాపుల్లోకి, పై పోటును 100–120 మధ్యకు తెస్తారు. రక్తనాళాలను వెడల్పు చేసే మందును బీటా బ్లాకర్ కంటే ముందు ఇవ్వకూడదు. ఇస్తే పోటు పడినందుకు గుండె ఎదురుతిరిగి వేగంగా కొట్టుకుని చీలికను ఇంకా ముందుకు తోస్తుంది. ఆరోహణ భాగంలో డిసెక్షన్ అయితే వెంటనే శస్త్రచికిత్స చేయాలి.

అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి, 1984 ఒలింపిక్స్ రజత పతక విజేత ఫ్లో హైమన్ 1986 జనవరిలో జపాన్‌లో ఆట మధ్యలో కూలి చనిపోయింది. ఆమెకు మార్ఫన్ ఉన్నట్టు మరణానంతర పరీక్షలోనే తెలిసింది. తరువాత పరీక్ష చేయించుకున్న ఆమె సోదరుడికీ అదే జబ్బు బయటపడి, గుండె శస్త్రచికిత్స జరిగింది. ఒకరికి నిర్ధారణ అయితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఎకో తీయించాలనడం అందుకే.

శస్త్రచికిత్సతో సంబంధం

మందులు వాడుతున్నా మార్ఫన్‌లో మూలం 5 సెం.మీ. చేరితే శస్త్రచికిత్సకు సిద్ధమవుతారు. కుటుంబంలో డిసెక్షన్ చరిత్ర ఉన్నా, ఉబ్బు వేగంగా పెరుగుతున్నా 4.5 సెం.మీ. దగ్గరే. లోయిస్–డీట్జ్‌లో జన్యువును బట్టి 4 నుంచి 4.5 సెం.మీ. 1968లో బెంటాల్, డి బోనో వర్ణించిన పద్ధతిలో కవాటాన్ని, మూలాన్ని కలిపి కృత్రిమ గొట్టంతో మారుస్తారు. 1992లో టైరోన్ డేవిడ్ వర్ణించిన పద్ధతిలో రోగి కవాటాన్ని నిలుపుతారు. లోహపు కవాటం పెడితే జీవితాంతం వార్ఫరిన్ వాడాలి, దాని మోతాదు కోసం తరచుగా రక్తపరీక్ష చేయించాలి. కవాటం నిలిపితే ఆ బాధ తప్పుతుంది. 1972లో 48గా ఉన్న మార్ఫన్ రోగుల మధ్యస్థ ఆయుర్దాయం 1990లకు 72కు చేరింది. అందులో ఎక్కువ వంతు ఈ శస్త్రచికిత్సలదేనని చాలామంది నిపుణుల అభిప్రాయం.

మూలాన్ని మార్చాక కూడా మాత్రలు ఆపరు. మార్చింది కొన్ని సెంటీమీటర్ల ముక్కను మాత్రమే. పైవంపు, వీపు వెంట దిగే భాగం, పొట్టలోని భాగం అదే జన్యువుతో, అదే గోడతో మిగిలే ఉంటాయి. ఆపరేషన్ అయిన పదేళ్ళకు, పదిహేనేళ్ళకు ఆ మిగిలిన చోట డిసెక్షన్ వచ్చిన రోగులున్నారు. కుట్లు మానిన రోగికి ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చే చీటీలో పాత బీటా బ్లాకర్ పేరు మళ్ళీ ఉంటుంది, దానితోపాటు ఏడాదికొకసారి స్కాన్ తేదీ కూడా.